వీధికి కనిపించని ఇల్లు

ఆర్కిటెక్ట్ అమ్మాయి మూడు అంతస్తులు ఎక్కి పళ్ళ డాక్టర్ తలుపు తట్టేసరికి, అతను ఒక పెద్దాయన నోట్లో చిన్న అద్దం పెట్టి తొంగి చూస్తున్నాడు.

"అపాయింట్‌మెంట్ ఉందా?"

"నా పళ్ళు బాగానే ఉన్నాయి. మీ కిటికీ కావాలి, రెండు నిమిషాలు."

"ఎదురింటి పని మీదేనా? మీ మోతలో నా డ్రిల్లు మోత ఎవరికీ వినపడట్లేదు. పేషెంట్లు హాయిగా ఉన్నారు, థ్యాంక్స్."

అది పొగడ్తో దెప్పిపొడుపో తేలక, ఆమె మూతి ముడుచుకుని కిటికీ దగ్గరికి నడిచింది.

రోడ్డు అవతల కడుతున్నది ఆమె మేనత్త ఇల్లు. రిటైరైన ఆ హెడ్మిస్ట్రెస్ పెట్టిన షరతు ఒక్కటే: "నేను వీధిని చూడాలి, వీధి నన్ను చూడకూడదు." అందుకే మేడ ముందంతా ఇటుకల తెర. పన్నెండు ఇనప ఫ్రేములు, వాటిలో సందులు వదిలి వీధి వైపు కిందికి వాలేలా పేర్చిన ఇటుకలు. లోపల సందుకి కన్ను ఆనిస్తే వీధి కనిపించాలి, బయటివాళ్ళకి ఇటుకలే కనిపించాలి. ఎవరి ఆఫీసులోనో మూడేళ్ళుగా బాత్రూములే గీసిన అమ్మాయికి ఇది సొంతంగా చేస్తున్న మొదటి ఇల్లు. తెర కుదరకపోతే అత్తయ్య దాన్ని పీకించి గోడ కట్టించేస్తుంది. అమ్మాయి మళ్ళీ బాత్రూముల దగ్గరికే పోవాలి.

డాక్టర్ కిటికీలోంచి చూపు తెర మీద ఏ వాలున పడుతుందో కొలిచే పేరుతో ఆమె ఇంకో నాలుగుసార్లు వచ్చింది. కొలతలు మొదటిరోజే అయిపోయాయని ఇద్దరికీ తెలుసు.

ఫ్రేములు బిగించిన రోజున, అత్తయ్యతో కలిసి తెర వెనక నిలబడి అతనికి ఫోన్ చేసింది.

"కనిపిస్తున్నామా?"

"నిజం చెప్పమంటారా? మీ అత్తయ్యగారి కళ్ళజోడు తాడుతో సహా కనిపిస్తోంది."

"రేపు సాయంత్రం దాకా చూస్తాను. తర్వాత గోడే" అని అత్తయ్య మెట్లు దిగిపోయింది.

అమ్మాయికి ఏడుపు ముంచుకొచ్చింది. అతను రోడ్డు దాటి పైకి వచ్చేసరికి ఆ ఏడుపు కాస్తా కోపమైంది.

"ఒక్క అబద్ధం ఆడితే మీ సొమ్మేం పోయింది?"

"నేను అబద్ధమాడితే మీ అత్తయ్యగారు రోజూ నా పేషెంట్లకి దర్శనమిస్తారు. డ్రాయింగ్ ఇలా ఇవ్వండి."

అతను కాగితాన్నీ తెరనీ మార్చి మార్చి చూశాడు.

"మీరు లోపల నిలబడి చూసినట్టు గీశారు. వాళ్ళేమో బయట పరంజా మీద నిలబడి బిగించారు. లోపలి ముఖం బయటికొచ్చి, ఇటుకల వాలు తిరగబడింది. నేను రోజూ అద్దంలో చూస్తూ పని చేసేవాణ్ణి కదా, ఈ తిరకాసు నాకు అలవాటే."

ఏ ముఖం ఎటో కాగితం మీద రాయనిది ఆమే. తప్పు తనదేనని మేస్త్రీ ముందు ఒప్పుకుని, మర్నాడు పొద్దున్నే బోల్టులు విప్పించింది. పన్నెండు ఫ్రేములూ తిప్పి బిగించేసరికి సాయంత్రం నాలుగైంది. అత్తయ్యని తెర వెనక నిలబెట్టి, కిటికీ దగ్గరున్న అతనికి మళ్ళీ ఫోన్ చేసింది.

"కనిపిస్తున్నామా?"

"ఇటుకలు తప్ప ఏమీ లేదు."

"వీధిలోంచి కూడా చూడమను" అని అత్తయ్య గుసగుసగా చెప్పింది.

అతను ఫోన్ చెవి దగ్గరే పెట్టుకుని దిగి వచ్చి, రోడ్డు పక్కన తలెత్తి నిలబడ్డాడు.

"ఇక్కణ్ణుంచీ అంతే. మీరు గెలిచారు. నష్టం నాకే. ఇన్నాళ్ళూ పేషెంటుకీ పేషెంటుకీ మధ్య మిమ్మల్ని చూస్తూ బతికేశాను. మీరంటే నాకు చాలా ఇష్టం. పెళ్ళి చేసుకుంటారా?"

ఫోన్ స్పీకర్లో ఉంది. అత్తయ్య ఇటుకల సందులోంచి కిందికి చూసి, అతన్ని కాళ్ళ నుంచి తల దాకా పరీక్షించింది.

"ఇంత బాగా కనిపిస్తుందనుకోలేదే. చెవులు చూడు, ఎలా ఎర్రబడ్డాయో." తర్వాత ఫోన్ అందుకుంది. "బాబూ, నేనూ వింటున్నాను. గోడ అక్కర్లేదు. నువ్వు నాకు నచ్చావు. పైకి రా, సమాధానం ఇది చెబుతుంది."

అమ్మాయి అంతసేపు ఆగలేకపోయింది. తెరకి ముఖం ఆనించి, "చేసుకుంటాను" అని గొంతెత్తి అరిచింది.

వీధిలో అందరూ తలెత్తి చూశారు. ఒక్కరికి కూడా ఆమె కనిపించలేదు.