లెన్సు పరీక్షకు అమ్మ ముఖం

శనివారం పొద్దున్నే వంటింటి కిటికీ దగ్గర చోటు కోసం తగువు మొదలైంది. దనూతాకి కిటికీ కింది బల్ల కావాలి. సంతనుంచి తెచ్చిన చిన్న కీరదోసకాయలు బకెట్లో నానుతున్నాయి. సోయకూర, వెల్లుల్లి వేసి ఇవాళే ఉప్పునీళ్ళలో సీసాలకెత్తకపోతే అవి మెత్తబడిపోతాయి. కూతురు యగోదకి మాత్రం ఆ కిటికీ వెలుతురు కావాలి. ఆమె ఊరి అవతలి తన గదినుంచి మొదటి ట్రామెక్కి వచ్చేసి, బకెట్‌ని కాలితో పక్కకి నెట్టి, కెమెరా స్టాండు బల్లకెదురుగా పాతేసింది.

"దోసకాయలు యగోదా," అంది దనూతా.

"పది నిమిషాలే అమ్మా. ఇలా కూర్చో. రంగు సరిచూడ్డానికి ఈ బూడిదరంగు అట్ట గడ్డం కింద పట్టుకో."

"మీ నాన్నా ఇదే అనేవాడు, పది నిమిషాలని. ఆ పది నిమిషాల్లోనే నేను ముసలిదాన్నయ్యాను."

యగోద వినిపించుకోలేదు. వినే తీరిక ఎక్కడుంది? ఇన్నేళ్ళు ఇతరుల దగ్గర సహాయకురాలిగా పనిచేసి, మొదటిసారి తనే ఒక పూర్తి సినిమాకి కెమెరా పట్టబోతోంది. ట్రామ్ నడిపే ఒకావిడ కథ. సగం సినిమా సాయంత్రపు మసక వెలుతురులో ట్రామ్ లోపలే. దానికి ఏ లెన్సుల సెట్టు వాడాలో ఈ మధ్యాహ్నం రెండింటిలోగా తేల్చాలి. అద్దెకిచ్చే దుకాణం ఆ తర్వాత మూసేస్తారు. సోమవారానికల్లా వేరెవరో పట్టుకుపోతారు. జూమ్ లెన్సు ఒక్కటి చాలనుకుంటే ఈ గొడవే లేదు. యగోదకి కావలసింది విడివిడిగా ఐదు లెన్సులు, ఐదూ ఒక తల్లి పిల్లల్లా చూడాలి. ఒక దాంట్లో బుగ్గ గులాబీరంగు, ఇంకో దాంట్లో అదే బుగ్గ పసుపు అయితే, సినిమా అతికించేటప్పుడు కూర్చుని ఏడవాలి.

ఆ ఇంట్లో లెన్సు పరీక్ష అంటే దనూతా ముఖమే. యగోద తండ్రి లెషెక్ పెద్ద కెమెరామన్. వూచ్ నగరంలో ఏ స్టూడియో గుమ్మం దగ్గర అడిగినా ఆయన పేరు చెబుతారు. ప్రతి సినిమాకి ముందూ లెన్సులు ఇంటికి తెచ్చి, భార్యని ఈ కిటికీ దగ్గరే కూర్చోబెట్టి తీసేవాడు. మిగతావాళ్ళు పరీక్షకి గీతలు గీసిన అట్టని తీస్తారు కదా అంటే, గీతలకి చర్మముంటుందా అనేవాడు. దనూతా మందుల దుకాణంలో పనికి వెళ్ళే హడావుడిలోనే కోటు వేసుకుని కూర్చునేది. తీసిన ఫిల్ము ఒకసారి చూసి, లెన్సు బాగుందో లేదో తేల్చుకుని, చెత్తబుట్టలో పడేసేవారు. సినిమాలో మాత్రం వేరే ముఖాలుండేవి.

లెషెక్ టీ గ్లాసుతో చెప్పులీడ్చుకుంటూ వచ్చాడు. బల్లమీద తెరిచి ఉన్న అద్దె పెట్టెలోకి తొంగిచూసి మూతి విరిచాడు.

"ఇవి లెన్సులా, పళ్ళ డాక్టరు అద్దాలా? వీటితో తీస్తే మనిషి కనిపించడు, మొటిమలు కనిపిస్తాయి."

"నాన్నా, పొద్దున్నే మొదలెట్టకు."

"నా సెట్టు మంచం కింద పడుంది. దేశంలో అలాంటిది రెండోది లేదు. ఇంట్లో పెట్టుకుని ఊరంతా వెతకడం దేనికి?"

"నీ ముప్పై ఐదు మిల్లీమీటర్ల లెన్సు పసుపు కొడుతుంది. అన్నిటికన్నా వెడల్పుది పెడితే ఈ కెమెరాలో నాలుగు మూలలూ నల్లగా వస్తాయి. నీ సెట్టు చేసినప్పుడు ఇంత పెద్ద సెన్సర్ పుట్టనే లేదు. చీకట్లో లెన్సు కన్ను మొత్తం తెరిస్తే పాలు ఒలికినట్టు మసక. నా సినిమా అంతా చీకటే!"

"మూలలు ఎవడు చూస్తాడే? జనం ముఖం చూస్తారు."

తాను పట్టిన కుందేలుకి మూడే కాళ్ళనే మనిషితో ఏం వాదిస్తాం? యగోద పళ్ళు బిగపట్టి లెన్సు తుడుస్తుంటే ఫోను టింగుమంది. నిర్మాత తెరేసా సందేశం. చదువుతుంటే యగోద చెవులు ఎర్రబడ్డాయి. పైకి చదివింది.

"'నాన్నగారి లెన్సులతోనే తీస్తున్నావటగా! పత్రికలవాళ్ళకి కూడా చెప్పేశాను. పులి కడుపున పులే పుడుతుంది.' ఏమిటిది నాన్నా?"

లెషెక్ టీ చప్పరించాడు. "ఆవిడే ఫోన్ చేసింది. మాటల్లో వచ్చింది. నా దగ్గరుండగా అద్దెకెందుకన్నాను. తప్పా?"

"నన్ను అడిగావా?"

"మంచి చెయ్యడానికి అడగాలా?"

"నా సినిమా నాన్నా! కాలేజీలో ఐదేళ్ళూ నాకు పేరు లేదు, లెషెక్ గారమ్మాయినే. చిన్న సినిమా తీస్తే, తండ్రి చూపు వచ్చిందన్నారు. ఇప్పుడు నీ గాజుముక్కలతో తీస్తే ఇంకేమంటారు? తండ్రే తీసిపెట్టాడంటారు! ఈ ఒక్కటీ నా కళ్ళతో చూడనివ్వవా?"

"నా గాజుముక్కలా?" లెషెక్ గ్లాసు ఠక్కున పెట్టాడు. "ఆ గాజుముక్కలే నిన్ను పెంచాయి!"

"లెషెక్, గ్లాసు పగులుతుంది," అంది దనూతా, అట్ట గడ్డం కింద పట్టుకునే. అడకత్తెరలో పోకచెక్కలా వాళ్ళిద్దరి మధ్యా కూర్చుని ఉంది పాపం. ఆమెవైపు ఇద్దరూ చూడలేదు.

చివరికి లెషెక్కే పందెం వేశాడు. "సరే. నా యాభై మిల్లీమీటర్ల లెన్సుతో ఒకటి, ఆ పళ్ళ డాక్టరు యాభైతో ఒకటి తియ్యి. ఏది ఎప్పుడు పెట్టావో నాకు చెప్పకు. నేను ముందుగదిలో ఉంటాను. తెరమీద చూసి నాది ఏదో చెబుతాను. చెప్పలేకపోతే నోరు మూసుకుంటాను. చెబితే మాత్రం..."

"చెబితే నీ సెట్టుతోనే తీస్తాను," అంది యగోద కోపంలో. అన్నాక నాలిక్కరుచుకుంది. ఆయన నిజంగానే గుర్తుపట్టగలడు. ఆ లెన్సులతో జీవితం గడిపిన మనిషి.

లెషెక్ వెళ్ళి తలుపేసుకున్నాడు. యగోద ముందు ఆయన లెన్సు బిగించింది. దనూతా కంటి రెప్పని కెమెరా తెరమీద పెద్దది చేసి, ఒక్కో వెంట్రుకా విడిగా కనబడేదాకా ఫోకస్ సరిచేసింది.

"కదలకు. నవ్వకు. అట్ట జారింది, పైకి పట్టు."

"యగోదా, నిన్న నేను..."

"మాట్లాడకమ్మా, పెదాలు కదులుతున్నాయి."

దనూతా నోరు మూసుకుంది. మొదటిది అయింది. అద్దె లెన్సు బిగించి, మళ్ళీ రెప్పమీద ఫోకస్ పెట్టి, యగోద బొత్తాం నొక్కింది. "ఇందాకటిలాగే ఉండు. అచ్చం ఇందాకటిలాగే. ముఖం మారిందంటే పరీక్ష దండగ."

దనూతా అట్టని మెల్లగా ఒళ్ళో పెట్టుకుంది.

"అమ్మా!"

"మీ నాన్నకీ నీకూ తేడా ఉందనుకున్నాను," అంది దనూతా. గొంతు పెంచలేదు. తిన్నగా లెన్సులోకే చూస్తోంది. "కదలకు, నవ్వకు, మాట్లాడకు. పెళ్ళయిన దగ్గర్నుంచీ ఇవే మూడు మాటలు. ఆయన కళ్ళతో చూడనని ఇందాక ఎగిరావుగా, మరి నోరు ఆయనదెందుకు తెచ్చుకున్నావు? నిన్న నా జుట్టు కత్తిరించుకున్నాను. పెళ్ళినాటినుంచీ ఉన్న ముడి తీయించేశాను. రాత్రి మీ నాన్న ఎదురుగా కూర్చుని సూప్ తాగాడు. పొద్దున్న నువ్వు నా ముఖానికి వెలుతురు పెట్టావు, రంగు చూశావు, రెప్పలు లెక్కపెట్టావు. ఇద్దరు కెమెరావాళ్ళున్న ఇల్లిది. ఒక్కళ్ళకీ కనబడలేదు."

ఆమె బుగ్గలు ఎర్రబడ్డాయి. కళ్ళలో నీళ్ళు నిలిచాయి గానీ కిందపడలేదు. లేచి, బకెట్ తీసుకుని తొట్టి దగ్గరికెళ్ళి, వీపు తిప్పుకుని దోసకాయల తొడిమలు కోయడం మొదలుపెట్టింది. కెమెరా ఖాళీ కుర్చీని తీస్తూనే ఉంది.

యగోద అప్పుడు చూసింది. జుట్టు నిజంగానే చెవుల దగ్గరికి వచ్చేసింది. అంత పెద్ద మార్పు! సిగ్గు వేసింది, ఆ వెంటనే పరీక్ష చెడిందని చిరాకూ వేసింది. ఆ చిరాకు పడ్డందుకు తనమీద తనకే ఒళ్ళు మండింది. మళ్ళీ కూర్చోమని అడిగే ముఖం లేదు. ఈలోగా లెషెక్ తలుపు తీసుకుని వచ్చేశాడు.

"అయిందా? పెట్టు."

యగోద శబ్దం పూర్తిగా తీసేసి మొదటిది వేసింది. లెషెక్ కళ్ళజోడు నుదుటిమీదికి తోసి, ఒక్క క్షణం చూసి చెయ్యి విదిలించాడు. "అద్దెది. చచ్చిన చేపలా ఉంది. తర్వాతది."

రెండోది వేసింది. లెషెక్ ముందుకి వంగాడు. తెరమీద దనూతా పెదాలు కదులుతున్నాయి, బుగ్గల్లోకి రంగు పొంగుతోంది, కళ్ళు మెరుస్తున్నాయి.

"ఇదీ!" అన్నాడు వేలు చూపించి. "ఇది నా యాభై. చూడు, ముఖంలోకి ప్రాణం ఎలా వచ్చిందో. మీ డాక్టరు అద్దం ఇలా చూపిస్తుందా? చెప్పు!"

"అది అద్దెది నాన్నా. మొదటిదే నీది."

"అబద్ధం."

యగోద కెమెరాకి ఇంకా బిగించి ఉన్న లెన్సు చూపించింది. లెషెక్ దానికేసి చూశాడు, తెరకేసి చూశాడు. ఆయన ముఖం పాలిపోవడం చూసి యగోదకి గెలిచిన సంతోషం ఒక్క పిసరు కూడా కలగలేదు.

"మళ్ళీ వెయ్యి," అన్నాడు. మళ్ళీ వేసింది. ఈసారి ఆయన మసక గురించీ చర్మం గురించీ ఏమీ అనలేదు. "జుట్టు... జుట్టు ఎప్పుడు కత్తిరించుకుంది?" అని గొణిగాడు. "ఏమంటోంది ఇక్కడ? శబ్దం పెట్టు."

యగోద పెట్టింది. వంటింట్లో దనూతా గొంతు రెండోసారి వినిపించింది. తొట్టి దగ్గర చాకు ఆగిపోయింది. దనూతా వెనక్కి తిరగలేదు. అంతా అయ్యాక, ఖాళీ కుర్చీ కనబడేదాకా లెషెక్ అలాగే కూర్చున్నాడు. ఆ తర్వాత జేబులోంచి ఫోను తీశాడు. 

"తెరేసాగారూ, నేను లెషెక్‌ని. ఆ లెన్సుల మాట వెనక్కి తీసుకుంటున్నాను. నాది చెప్పాల్సిన నోరు కాదు. మీ కెమెరామన్‌ని అడగండి... అవును, యగోదే. పత్రికలకి కూడా ఆ పేరే చెప్పండి."

ఫోను పెట్టేసి, లేచి, తొట్టి దగ్గరికి వెళ్ళాడు. ఇన్ని వేలమంది ముఖాలకి వెలుతురు పెట్టిన మనిషి ఆ వీపు వెనక నిలబడి చేతులెక్కడ పెట్టుకోవాలో తెలియక తడబడ్డాడు.

"దనూషా," అన్నాడు ముద్దుపేరుతో. "బాగుంది."

"ఏమిటి?"

"జుట్టు."

"నిన్నటినుంచీ బాగుంది," అంది దనూతా.  లెషెక్ ఆమె తడి చేతిలోంచి చాకు తీసుకుని పక్కన నిలబడి కోయడం మొదలుపెట్టాడు. తొడిమతోపాటు సగం కాయ తెగిపోతున్నా ఆవిడ చూస్తూ ఊరుకుంది.

యగోద దుకాణానికి ఫోన్ చేసి అద్దె సెట్టు ఖాయం చేసింది. ఈ మాట చెప్పడానికి వారంనుంచీ నిద్ర లేకుండా కొట్టుమిట్టాడింది. తీరా చెప్పాక, మనసు తేలికపడలేదు. తండ్రి తప్పు పెద్దదే. కానీ ఆయన కనీసం తెరమీదైనా అమ్మని చూశాడు. తను అదే ముఖాన్ని రెండుసార్లు పెద్దది చేసి చూసి, రెప్పలు దాటి పక్కకి వెళ్ళలేదు. రేపు ఆ ట్రామ్ నడిపే ఆవిడని మాత్రం ఏం చూస్తుంది?

"అమ్మా, ఇటు తిరుగు."

"మళ్ళీ ఆ అట్ట పట్టుకోవాలా?"

"అట్ట లేదు, కెమెరా లేదు. ఊరికే చూస్తాను."

"చూడ్డానికేముంది," అని గొణుగుతూనే దనూతా తిరిగింది. యగోద ఆమె భుజాలు పట్టుకుని నుదురు చూసింది, చెవులు చూసింది, మెల్లగా చుట్టూ తిరిగి వెనక నిలబడింది. ముడి ఉండే చోట, మెడమీద, కందిగింజంత పుట్టుమచ్చ ఉంది. ఇన్నేళ్ళలో ఎప్పుడూ చూడలేదు. దాన్ని వేలితో ముట్టుకుని యగోద వెక్కి వెక్కి ఏడ్చేసింది.

"నీకిక్కడ మచ్చ ఉందమ్మా."

"ఉందా? నాకూ తెలీదు," అంది దనూతా. చెయ్యి వెనక్కి పోనిచ్చి, కూతురి వేలిమీద తన తడివేళ్ళు పెట్టి, చాలాసేపు తీయలేదు.