క్యాథరిన్‌కి గేరు బండి

"బ్రేకు! క్యాతీ, బ్రేకు తొక్కు!"

గొడుగు కింద నిలబడి తండ్రి దేవానందం గారు అరిచిన అరుపు సెక్టర్ 7 గ్రౌండంతా వినబడింది. క్యాథరిన్‌కీ వినబడింది. కానీ కంగారులో ఆమె యాక్సిలరేటరు తిప్పేసింది.

పాత రాజ్‌దూత్ బండి ఒక్క గంతు వేసి, గోడ పక్కన స్టాండు వేసి ఉన్న ఎర్ర మోటార్ సైకిల్‌ని గుద్ది, దాని మీదే ఒరిగిపోయింది. క్యాథరిన్ సరిగ్గా సమయానికి దూకేసి బురదలో కూర్చుంది.

గేటు దగ్గర సమోసా తింటున్న శశిధర్ సగం సమోసాతోనే పరిగెత్తుకొచ్చాడు.

"అరే యార్, నా బండి! కళ్ళు కనబడవా మేడమ్?"

"కనబడతాయి. చేతులే మాట వినలేదు."

"ఇంత పెద్ద గ్రౌండులో మీకు నా బండే దొరికిందా?"

"ఇంత పెద్ద గ్రౌండులో సరిగ్గా నా దారిలోనే పెట్టాలా మీరు?"

"గోడకి ఆనించి పెట్టాను. గోడ మీ దారా?"

క్యాథరిన్ చున్నీతో మొహం మీది బురద తుడుచుకోబోయి ఇంకాస్త పులుముకుంది. శశిధర్‌కి కోపం పట్టుకుని ఉండటం కష్టమైంది.

దేవానందం గారు ఆయాసపడుతూ వచ్చారు. "తప్పు మాదే బాబూ. పగిలిన అద్దం నేను ఏయించెస్తాను. మా పిల్ల గేరు బండి నేర్చుకుంటంది. నేర్పుతున్నది నేనే. నాకూ సరిగ్గా రాదు."

శశిధర్ పకపకా నవ్వేశాడు. అంతలో జల్లు కాస్తా పెద్ద వానైంది. ముగ్గురూ ఒకే గొడుగు కిందకి చేరారు, గొడుగు యజమాని మధ్యలో.

"అయినా అమ్మాయికి ఇంత బరువు బండి ఎందుకంకుల్? స్కూటీ నేర్పొచ్చు కదా."

"మలావీ ఒప్పుకోదు," అంది క్యాథరిన్.

"మలావీ ఎవరు? మీ అత్తగారా?"

"దేశమండీ బాబూ. ఆఫ్రికాలో."

అప్పుడు చెప్పింది. తను నర్సు. దుర్గ్ దారిలో ఒక చిన్న క్లినిక్‌లో రెండేళ్ళుగా పనిచేస్తోంది. లండన్‌లోని ఒక ఆరోగ్య సేవా సంస్థ ఏటా కొంతమంది యువతీ యువకులకి ఫెలోషిప్ ఇచ్చి, ఏడాది పాటు వేరే దేశంలో పనికి పంపుతుంది. ఈ రెండువేల నాలుగులో ఎంపికైన వాళ్ళలో క్యాథరిన్ ఒకతె. సెప్టెంబరు ఒకటిన మలావీలో చేరాలి. అక్కడ పల్లెలకి బస్సుల్లేవు, నర్సే మోటార్ సైకిల్ మీద వెళ్ళాలి. అందుకే ఆగస్టు ఇరవైలోగా గేరు బండి టెస్టు పాసైన కాగితం ఫ్యాక్స్ చెయ్యాలి. లేకపోతే సీటు ఇంకొకరికి పోతుంది.

"మా క్లినిక్‌కి తల్లులు రోగం ముదిరాక వస్తారు. ఇది మనమే వాళ్ళ గుమ్మంలోకి వెళ్ళే పని. నాకు కావలసింది అదే," అంది.

ఆ మాట అన్నప్పుడు ఆ బురద మొహంలో కళ్ళు ఎంత వెలిగాయో శశిధర్ చూశాడు. స్టీల్ ప్లాంటు రైల్ మిల్‌లో జూనియర్ ఇంజనీర్‌గా రోజూ కాలిన ఇనుము చూసే మనిషి. వెలుగు అతనికి కొత్త కాదు. అయినా ఒక క్షణం తడబడ్డాడు.

"రోజూ నాలుగింటికి రండి. ఫస్ట్ షిఫ్ట్ దిగి వస్తాను. నేను నేర్పుతాను. పక్కా," అన్నాడు.

దేవానందం గారు మీసం దువ్వుకుని ఒక షరతు పెట్టారు. "నేర్పు బాబూ, మంచిదే. కానీ ఎనక కూర్చోవద్దు. పక్కన పరిగెట్టు."

అలా శశిధర్ పరుగు మొదలైంది.

బండి ఫస్ట్ గేరులో వెళ్తుంటే పక్కన తను, గోడ వారన కుర్చీ వేసుకుని టీ ఫ్లాస్కుతో దేవానందం గారు. క్లచ్చి దగ్గరే వారం గడిచిపోయింది. వదిలిందంటే బండి కుదుపుకి చచ్చి ఊరుకునేది.

"ఎలా వదలాలో ఒక్కసారి అర్థమయ్యేలా చెప్పండి," అంది విసుగ్గా.

శశిధర్ ఆలోచించాడు. "నిద్రపోతున్న పసిపిల్ల తల కింద నుంచి చెయ్యి తీస్తారు కదా. అలా."

క్యాథరిన్ అతని వంక చూసింది. క్లచ్చి వదిలింది. బండి మెత్తగా కదిలి వెళ్ళిపోయింది.

"అదేదో మొదటి రోజే చెప్పొచ్చుగా!" అని దూరం నుంచి అరిచింది.

నెల తిరిగేసరికి శశిధర్ నాలుగు కిలోలు తగ్గాడు. స్మృతి నగర్‌లో వాళ్ళమ్మ జ్ఞానప్రసూన గారు, "మిల్లులో పని ఎక్కువైపోయిందేట్రా?" అని రోజూ ఒక గ్లాసు పాలు ఎక్కువ ఇవ్వసాగింది. మిల్లులో పని మామూలుగానే ఉంది. నాలుగెప్పుడవుతుందా అని గడియారం చూడటమే ఎక్కువైంది.

ఒక సాయంత్రం క్యాథరిన్ మూడో గేరు వేసింది. శశిధర్ ఎంత పరిగెత్తినా అందలేదు. గ్రౌండు మధ్యలో ఆగిపోయి, మోకాళ్ళ మీద చేతులు పెట్టుకుని చూస్తూ నిలబడ్డాడు. ఆమె జల్లులో నవ్వుకుంటూ దూరంగా వెళ్ళిపోతోంది. తను నేర్పుతున్నది బండి కాదు, తనని వదిలి వెళ్ళిపోవడం. అది అతనికి ఆ రోజే తెలిసింది.

ఆగస్టు అయిదుకి లెర్నింగ్ లైసెన్సుకి నెల నిండింది.

"టెస్టుకి వెళ్ళిపోనా?" అడిగింది క్యాథరిన్.

ట్రాక్ మీద కాలు కింద పెట్టకుండా ఎనిమిది అంకె తిప్పాలి, అదే టెస్టు. ఆమె ఆ సాయంత్రమే అయిదు ఎనిమిదులు తిప్పింది. ఒక్కసారీ కాలు పెట్టలేదు.

"ఇంకా కుదర్లేదు. మలుపు దగ్గర తూలుతున్నారు. పదిహేడున వెళ్దాం," అన్నాడు శశిధర్, ఆమె కళ్ళలోకి చూడకుండా.

ఆమె నమ్మింది.

పదిహేడుకి ముందు రెండు రోజులు ఆగకుండా వాన. లైసెన్సు ఆఫీసు దగ్గరికి వెళ్తే ట్రాక్ మీద మోకాలి లోతు నీళ్ళు. టెస్టులు గురువారానికి మార్చామన్నారు. అంటే పంతొమ్మిది. ఆ తర్వాత ఒక్కరోజే గడువు.

చూరు కింద నిలబడి క్యాథరిన్ చిన్న గొంతుతో అడిగింది. "గురువారం కూడా పడితే?"

శశిధర్ ఇక ఉండలేకపోయాడు.

"క్యాథరిన్, మీకు ఎనిమిది ఎప్పుడో వచ్చేసింది. అయిదో తారీఖునే పాసయ్యేవారు. నేనే అబద్ధం చెప్పాను."

"ఎందుకు?"

"మీరు పాసైతే ఇంక నాలుగింటికి గ్రౌండుకి రారు కదా. అందుకు." ఈసారి ఆమె కళ్ళలోకి చూశాడు. "మీరంటే నాకు చాలా ఇష్టం. అది చెప్పే ధైర్యం లేక ఈ పని చేశాను."

చూరు నీళ్ళు ధారగా పడుతున్నాయి. క్యాథరిన్ మొహం ఎర్రబడింది, సిగ్గుతో కాదు.

"ఇష్టమైతే ఇష్టమని చెప్పాలి. కాలికి అడ్డం పడకూడదు. 'ఇంకో వారం ఆగుదాం' అన్న మాట విని ఆలస్యమైపోయిన తల్లులు మా క్లినిక్‌కి ఎంతమంది వస్తారో మీకు తెలుసా? ఆ మాట నాకు మీ నోట వినాల్సి వచ్చింది."

ఆటో ఎక్కి వెళ్ళిపోయింది. మర్నాడు గ్రౌండుకి రాలేదు.

సాయంత్రం శశిధర్ దేవానందం గారి క్వార్టర్‌కి వెళ్ళాడు. క్యాథరిన్ లోపలే ఉంది, బయటికి రాలేదు. వరండాలో దేవానందం గారి ముందు నిలబడి, చేసినదంతా చెప్పి, క్షమించమన్నాడు.

ఆయన చేతిలో వార్తాపత్రిక మడిచి పక్కన పెట్టారు.

"నేనూ సూసాను బాబూ," అన్నారు. "కుర్చీలో కూర్చున్నోడికి కళ్ళుంటాయి కదా. రెండు వారాల్నించీ పిల్ల బొంగరంలా తిప్పెస్తంది. నేనూ నోరు ఇప్పలేదు. ఒక్కగానొక్క పిల్ల. ఎల్లిపోతాదంటే నాకు మాత్రం బాగుంటాదేటి? నువ్వు దొంగవైతే నేనూ దొంగనే."

లోపల తలుపు చప్పుడైంది. గుమ్మంలో క్యాథరిన్. కళ్ళనిండా నీళ్ళు, మొహంలో కోపమో నవ్వో తెలియడం లేదు.

"ఇద్దరూ కలిసి! ఇద్దరూ!" అంది.

"తప్పయిపోనాదమ్మా," అన్నారు దేవానందం గారు. "రేపు ఇద్దరం నిన్ను తీసుకెల్తాం. బాబూ, నీ బండి తే. వానకి మా రాజ్‌దూత్ లేవదు."

గురువారం తెల్లారేసరికి వాన వెలిసింది. ట్రాక్ ఇంకా తడిగానే ఉంది. ఎర్ర మోటార్ సైకిల్ మీద క్యాథరిన్, గేటు బయట ఇద్దరు మగవాళ్ళు కమ్మీలు పట్టుకుని. మొదటి మలుపులో వెనక చక్రం కొద్దిగా జారింది. దేవానందం గారు "ప్రభువా!" అన్నారు, శశిధర్ "వెంకన్నా!" అన్నాడు. క్యాథరిన్ ఇద్దరినీ పట్టించుకోకుండా నడుం ఒక పక్కకి వంచి, చక్రాన్ని దారిలో పెట్టుకుని, కాలు కింద మోపకుండా ఎనిమిది పూర్తి చేసింది.

పాసైన కాగితం పట్టుకుని వచ్చి, బండి తాళం శశిధర్ చేతిలో పెట్టింది.

"బండి బాగుంది."

"నడిపినవాళ్ళు ఇంకా బాగున్నారు. కోపం పోయిందా?"

"సగం."

"అయితే మిగతా సగం ఉండగానే అడిగేస్తాను. మీరు తిరిగొచ్చేదాకా ఎదురుచూడటం నాకిష్టం. మీకిష్టమేనా?"

క్యాథరిన్ కాగితం మడిచి సంచిలో పెట్టుకుంది. "ఇప్పుడు జవాబు చెప్తే నా మనసు ఇక్కడే ఉండిపోతుంది. అక్కడ పని మొదలుపెట్టాలి. ఆ పని నా వల్ల అవుతుందని నాకు తెలియాలి. అప్పుడు చెప్తాను. మీ ఇంటి ఫోన్ నెంబరు ఇవ్వండి."

కాగితం ఆ సాయంత్రమే ఫ్యాక్స్ చేశారు. ఆగస్టు చివర్లో దుర్గ్ స్టేషన్‌లో ముంబై రైలు ఎక్కేటప్పుడు క్యాథరిన్ వాళ్ళమ్మ సత్యవతి గారు ఆవకాయ సీసా ఇచ్చి ఏడ్చింది. దేవానందం గారు ఏడవకుండా ఉండాలని సీటు కింద సామాను మూడుసార్లు సర్దారు. శశిధర్ కిటికీ పక్కన పరిగెత్తాడు. అలవాటైన పనే.

ఇంటికెళ్ళి తల్లికి అంతా చెప్పేశాడు.

జ్ఞానప్రసూన గారు వింటూ వింటూ కూరలో ఉప్పు రెండుసార్లు వేసింది. "వాళ్ళు చర్చికెళ్తారు, మనం సెక్టర్ 5 బాలాజీ గుడికెళ్తాం. ఎలా కుదురుతుందిరా?"

"ముందు ఆమె ఔననాలి కదమ్మా."

గరిటె ఆగింది. "అనలేదా? నిన్ను చూసి కూడా ఔననలేదా?"

ఆ రోజు నుంచి ఆవిడకి రెండు బాధలు. ఆ పిల్ల ఔనంటుందేమోనని ఒకటి, అనకపోతే మా అబ్బాయికేం తక్కువని రెండోది.

మలావీలో మొదటి వారం క్యాథరిన్‌కి ట్రైనింగ్‌తో సరిపోయింది. రెండో వారం టీకాల పెట్టె బండి వెనక కట్టుకుని, ఎర్రమట్టి దారిలో ఇరవై కిలోమీటర్లు ఒంటరిగా వెళ్ళింది. దారిలో రెండుసార్లు ఇంజను ఆగింది, ఒకసారి మేకల మంద అడ్డం వచ్చింది. పల్లె బడి వరండాలో పిల్లల్ని ఎత్తుకుని తల్లులు వరసగా కూర్చుని ఉన్నారు. నేర్చుకున్న నమస్కారం చెప్పింది, "మోనీ!" అని. ఆమె పలికిన తీరుకి అందరూ గొల్లుమన్నారు. తనూ నవ్వేసింది. సాయంత్రానికి నలభై ఒక్కమంది పిల్లలకి టీకాలు వేసింది. తిరిగి బయల్దేరుతుంటే ఒక ముసలావిడ ఆమె రెండు చేతులూ పట్టుకుని, "జికోమో" అంది. అంటే థాంక్స్.

దారిపొడుగునా క్యాథరిన్ తనలో తనే నవ్వుకుంది. ఈ పని తన వల్ల అవుతుంది.

ఆదివారం ఆఫీసు ఫోన్ దగ్గర క్యూ. మనిషికి అయిదు నిమిషాలు. ముందు నాన్నకి చేసింది, మూడు నిమిషాలు పోయాయి. తర్వాత స్మృతి నగర్ నెంబరు తిప్పింది.

"హలో, ఎవరండీ?" ఆడగొంతు.

"ఆంటీ, నేను క్యాథరిన్‌ని. శశిధర్ గారున్నారా?"

"లేడు. పెరుగు తేడానికెళ్ళాడు. నువ్వేనా మా వాడి చేత గ్రౌండంతా పరిగెట్టించింది?"

"నేను కాదాంటీ. మా నాన్నగారు."

అవతల ఏదో చప్పుడు. దగ్గో, ఆపుకున్న నవ్వో. "ఏటి తింటున్నావక్కడ?"

"మొక్కజొన్న పిండి ముద్ద ఆంటీ. ఆవకాయ నంజుకుంటున్నాను." వెనక ఎవరో భుజం తట్టారు. "ఆంటీ, ఒక్క నిమిషమే ఉంది. ఆయనకొక మాట చెప్పగలరా? ఔనని చెప్పండి."

"దేనికి ఔను?"

క్యాథరిన్ కళ్ళు మూసుకుంది. ఎవరితో చెబుతోందో అప్పుడు తెలిసొచ్చింది. ఇంక వెనక్కి తగ్గేది లేదు.

"నేనంటే ఇష్టమన్నారాంటీ. నాకూ ఇష్టమేనా అని అడిగారు. దానికి ఔను. మీకు ఇష్టం లేకపోతే మీరు ఒప్పుకునేదాకా ఇద్దరం ఆగుతాం. అదీ చెప్పండి."

"ఔననడానికి ఇన్నాళ్ళు పట్టిందేం?"

"ఇక్కడి పని నాకొచ్చో రాదో తెలియాలి కదాంటీ."

"వచ్చిందా?"

"వచ్చిందాంటీ. నలభై ఒక్కమంది పిల్లలకి టీకాలేశాను. బండి మీంచి ఒక్కసారీ పడలేదు."

"బంగారుతల్లీ, మెల్లిగా నడుపు..." లైను తెగిపోయింది.

శశిధర్ పెరుగు ప్యాకెట్టుతో వచ్చేసరికి జ్ఞానప్రసూన గారు ఫోన్ పక్కనే కూర్చుని ఉంది.

"ఔనంట," అంది.

"ఏటమ్మా ఔను?"

"ఔనంటరా. అలా నిలబడిపోకు, పెరుగు లోపల పెట్టు." బీరువా తెరిచి మంచి చీర తీసింది. "బండి తియ్యి. సెక్టర్ 7 కి వెళ్దాం."

అరగంటలో ఇద్దరూ క్యాథరిన్ వాళ్ళ క్వార్టర్ ముందు దిగారు. తలుపు తీసిన దేవానందం గారు ఎదురుగా ఆవిణ్ణి చూసి, చేతులు జోడించారు.

జ్ఞానప్రసూన గారూ చేతులు జోడించింది.

"అన్నయ్యగారూ, గుడో చర్చో పిల్ల వచ్చాక అందరం కూర్చుని తేల్చుకుందాం. ఏడాది టైముంది," అని లోపలికి అడుగుపెట్టి, వంటింట్లో ఉన్న సత్యవతి గారిని పిలిచింది. "వదినా, ఏం చేస్తున్నారు? కాస్త టీ పెట్టండి, మాట్లాడుకోవాల్సింది చాలా ఉంది."