బుట్టలో వేలాడిన బూటు

గెంట్ నగరంలో రెండు రోజులుగా వాన తెరిపివ్వలేదు. డిటెక్టివ్ లీవెన్ ఆఫీసులోకి వచ్చినావిడ గొడుగు ముడవడం కూడా మరిచిపోయి, నీళ్ళు కారుతున్న దానితోనే కుర్చీలో కూర్చుంది.

పేరు రైన్‌హిల్డ. చిన్ననాటి స్నేహితురాలు ట్రూడెతో కలిసి హాసెల్ట్ నుంచి ఈ ఊరు చూడటానికి వచ్చింది. నిన్న మధ్యాహ్నం హోటల్ గదిలోంచి ఆమె తల్లిది, గౌనుకు గుచ్చుకునే ముత్యాల బ్రోచ్ పోయింది. తలుపు ఎవరూ పగలగొట్టలేదు. తాళంచెవి ఉన్నది ముగ్గురి దగ్గర: తన దగ్గర, ట్రూడె దగ్గర, గదులు శుభ్రం చేసే మార్లీన్ దగ్గర. సాయంత్రంలోగా వస్తువు దొరక్కపోతే మార్లీన్‌ను పోలీసులకు అప్పగిస్తానని హోటల్ యజమాని పట్టుబట్టాడు.

"పోలీసులు చూసుకుంటారుగా. మీ భయం దేనికి?" అన్నాడు లీవెన్.

"మార్లీన్ ముఖం చూస్తే ఆమె తీసిందంటే నమ్మబుద్ధి కావడం లేదండీ. ఆమె కాకపోతే ట్రూడెయే కావాలి. అది కాదని మీరు తేల్చి చెప్పండి. దానితో నాది బడినాటి స్నేహం. నిన్నటి నుంచి దాని ముఖంలోకి సూటిగా చూడలేకపోతున్నాను."

లీవెన్ నిన్నటి సంగతులు వరసగా చెప్పమన్నాడు. సహాయకురాలు యోకె కిటికీ దగ్గర నిలబడి వింది. పొద్దున కోట ఎక్కారు. వంతెన మీద నిలబడి ఊరికి పేరు తెచ్చిన మూడు గోపురాలూ చూశారు. సంతలో రైన్‌హిల్డ జున్ను కొంటే, ట్రూడె తన కాళ్ళకున్నవాటిలాంటివే గోధుమరంగు బూట్లు కొని, వానలో పాడవుతాయని సంచిలోనే ఉంచుకుంది. మధ్యాహ్నం గుస్త్ సత్రంలో భోజనానికి కూర్చున్నారు.

గుస్త్ సత్రంలో కొయ్య స్టాండులో నిలబెట్టే పొడుగాటి గ్లాసులో బీరు పోస్తారు. గ్లాసు ఎవరూ ఎత్తుకుపోకుండా గుస్త్ ఒక బూటు తాకట్టు పెట్టుకుంటాడు. దాన్ని బుట్టలో వేసి, తాడుతో కప్పుదాకా లాగి కడతాడు. గ్లాసు తిరిగిచ్చాకే బూటు దిగుతుంది.

"ట్రూడె కడుపు బాగాలేదని పెరట్లోకి వెళ్ళి చాలాసేపు రాలేదు. కానీ దాని బూటు నా నెత్తి మీదే ఊగుతోంది. ఒంటి బూటుతో, ఈ వానలో, రాళ్ళ దారిన హోటల్ దాకా వెళ్ళగలదా?"

లీవెన్ తలూపాడు. "ఊరు చూడటానికి వచ్చేవాళ్ళు అంత విలువైనది వెంట తెచ్చుకోరు. ఎందుకు తెచ్చారు?"

ఆవిడ గొడుగు ముడిచి పక్కన పెట్టింది. ఇక్కడి పాత నగల వ్యాపారికి అమ్మడానికి తెచ్చాననీ, ఆ సంగతి ట్రూడెకు చెప్పలేదనీ చివరికి ఒప్పుకుంది.

తర్వాత లీవెన్, యోకె హోటల్‌కి వెళ్ళారు. మార్లీన్ కళ్ళు వాచి ఉన్నాయి. నిన్న పొద్దున తను దుప్పట్లు మారుస్తుంటే గదిలో ఫోన్ మోగిందనీ, రైన్‌హిల్డ స్నానంలో ఉంటే ట్రూడె తీసిందనీ చెప్పింది. "ఎవరో నగల కొట్టువాళ్ళనుకుంటానయ్యా. ఫోన్ పెట్టేసి ఆవిడ మంచం మీద కూలబడిపోయింది. మంచినీళ్ళు ఇవ్వనా అంటే వద్దంది."

సత్రంలో గుస్త్ ఎప్పటిలాగే ఎకసెక్కంతో ఎదురొచ్చాడు. "రావయ్యా లీవెన్. బూటు విప్పితేనే బీరు. నీ బూటు వాసనకు మాత్రం రెండు గ్లాసులివ్వచ్చు."

ఆ ఇద్దరాడవాళ్ళూ గుర్తున్నారా అని లీవెన్ అడిగాడు.

"ఎందుకు లేరు? ఒకావిడ బూటు నీళ్ళు బుట్టలోంచి కారి కింద ఎవరి సూపులోనో పడింది. ఆ తిట్లు నేను తిన్నాను. రెండో ఆవిడదే నయం, పొడిగా, మచ్చ లేకుండా ఉంది. పొడుగు కోటు కిందినుంచి తీసి మర్యాదగా చేతికిచ్చింది."

బయటికి వచ్చాక యోకె, "అంటే ట్రూడె వెళ్ళలేదన్నమాట. గుస్తే సాక్షి," అంది. లీవెన్ తడిసిన తన బూట్ల వంక చూసుకున్నాడు.

సాయంత్రం అందరూ సత్రంలోనే కూర్చున్నారు. హోటల్ యజమాని గడియారం చూసుకుంటున్నాడు. మార్లీన్ గుమ్మం దగ్గరే నిలబడింది. ట్రూడె కాళ్ళకు నిన్నటి తడి బూట్లే ఉన్నాయి, సంచి ఒళ్ళో ఉంది.

"ఈ ఊళ్ళో మాకో అలవాటుంది," అని మొదలుపెట్టాడు లీవెన్. "బుట్టలో బూటు కనబడితే, కింద ఒక కాలు ఖాళీగా ఉందనుకుంటాం. కాలు మాత్రం ఎవరమూ చూడం. నిన్న పొద్దుటి నుంచి ఇద్దరూ వానలోనే తిరిగారు. ఒక బూటు నీళ్ళు కారింది. రెండోది పొడిగా ఎలా ఉంది? అది ఆ రోజు నేల తాకలేదు కాబట్టి. సంతలో కొన్న కొత్త బూటు అది. కాళ్ళకు పాతవి రెండూ ఉండగానే ఒకరు పెరటి తలుపు దాటి హోటల్‌కి వెళ్ళొచ్చారు."

గుస్త్ నోటిలోని పైపు తీసేశాడు.

"ట్రూడె గారూ, కాళ్ళు నానిపోయినా కొత్తవి సంచిలోనే దాచుకున్నారు. ఆ కొత్త బూట్లు ఒకసారి తొడుక్కోండి."

ట్రూడె సంచిని గుండెకు హత్తుకుంది. తర్వాత మెల్లగా ఒక బూటు తీసి, దాని మొనలోంచి కాగితపు ఉండ లాగింది. దాన్ని బల్ల మీద పెట్టి విప్పితే మడతల్లో ముత్యాలు కనబడ్డాయి.

"నా పెళ్ళినాడు మీ అమ్మ దీన్ని నా గౌనుకు పెట్టింది, రైనీ. నాకు అమ్మ లేదని. నువ్వు అమ్ముకుంటున్నావని కొట్టువాడు చెబితే తెలిసింది నాకు."

"అడిగి ఉంటే ఇచ్చేదాన్ని కదే."

"చెప్పి ఉంటే అడిగేదాన్ని."

రైన్‌హిల్డ చెయ్యి చాచలేదు. బ్రోచ్ బల్ల మీదే ఉండిపోయింది.

గుమ్మం దగ్గరి నుంచి మార్లీన్ నెమ్మదిగా అంది. "మీ ఇద్దరి మధ్య ఏముందో నాకు తెలియదమ్మా. నిన్నటి నుంచి మా ఇంట్లో వాళ్ళు నన్ను దొంగను చూసినట్టు చూస్తున్నారు. వాళ్ళకు ఎవరు చెబుతారు?"

అంతవరకు తల వంచని ట్రూడె అప్పుడు వంచింది. తనకు గొడుగు లేకపోయినా లేచి గుమ్మం వైపు నడిచింది. "నేనే చెబుతాను. దారి చూపించమ్మా."

ఇద్దరూ వానలోకి దిగారు. రైన్‌హిల్డ బ్రోచ్‌ను మళ్ళీ బూటులోనే పెట్టి, బూటును ట్రూడె వదిలేసిన సంచిలో వేసి, గొడుగు విప్పుకుంటూ వాళ్ళ వెనకే వెళ్ళింది.