మూడో అంతస్తులో సుద్ద చప్పుడు

మూడో అంతస్తు చివరి గది మంచిది కాదని గణితశాఖలో అందరూ అనేవారు. పగలు చూస్తే తాళం. చీకటి పడితే లోపల సుద్దతో రాస్తున్న చప్పుడు… ఎప్పుడో ఒక లెక్కల మాస్టారు అక్కడే బోర్డు ముందు కుప్పకూలి పోయాడట. ఊడ్చే ఆవిడ కూడా ఆ వరండా పని మధ్యాహ్నమే కానిచ్చేసేది.

మా పెద్దమ్మ కూతురు అక్కడే పరిశోధన చేసేది. ఇది ఆమె నోట విన్నదే.

అక్కకి అది ఏడో ఏడు. ఆమె పనంతా మారని రాశుల మీద — సమీకరణంలో అక్షరాలను ఎలా తిప్పి మార్చినా చెక్కుచెదరని వాటి మీద. అవన్నీ కొన్ని మూల రాశుల నుంచే పుడతాయని, ఆ మూలాల జాబితా ఎక్కడో ఒకచోట ఆగి తీరుతుందని నిరూపించి, వాళ్ల గైడు సారు ఒకప్పుడు పెద్ద పేరు తెచ్చుకున్నారు. అక్కకి దొరికిన ఉదాహరణలో ఆ జాబితా ఆగదు!

"ఎక్కడో తప్పుంది, మళ్లీ చూడు" అంటూ మూడేళ్లుగా సారు ఆ కాగితాలు వెనక్కిస్తూనే ఉన్నారు. చూసీ చూసీ అక్క ప్రాణం విసిగిపోయింది.

ఆ రాత్రి, ఇక ఈ చదువు చాలనుకుని పుస్తకాలు సర్దుకుంది. వరండాలోకి వచ్చిందో లేదో…

టక్… టక్… సర్ర్…

చివరి గదిలోంచే.

పరుగెత్తాలనిపించిందట. కానీ పారిపోవడానికైనా ఓపికుండాలిగా! వెళ్లి చూస్తే తాళం లేదు. మెల్లగా తోసింది —

లోపల సారు.

చొక్కా చేతులు మడిచి, జుట్టు నిండా సుద్దపొడితో. బోర్డు నిండిపోయి రాత గోడల మీదికి పాకింది. అన్నీ అక్క లెక్కలే…

"సార్…"

ఆయన తిరగలేదు. "మూడువందల పన్నెండో మూలం తేలిందమ్మా," అన్నారు గుసగుసగా. "నీదాంట్లో తప్పు లేదు. మొదటి నెలలోనే తెలిసింది."

"మరి ఇన్నాళ్లూ నన్నెందుకు తిప్పారు?"

"ఏమో… ఎక్కడైనా ఆగుతుందేమోనని…"

అక్కకి కోపమూ రాలేదట, ఏడుపూ రాలేదు. కాగితాలు తీసి బల్ల మీద పెట్టింది. "సంతకం పెట్టండి సార్."

పెట్టారు.

"ఇంటికి పదండి. అమ్మగారు ఎదురుచూస్తుంటారు."

"నువ్వెళ్లు. ఇదొక్కటీ చూసి వస్తా…"

మెట్లు దిగుతుంటే వెనక మళ్లీ మొదలైంది — టక్… టక్…

దెయ్యమే అయ్యుంటే ఎంత బాగుండేది అనిపించిందట అక్కకి.