సెనేటర్ గారి పరిచయం

ఓరిన్ పికెట్ పళ్లెం పట్టుకుని వరసలో నిలబడ్డాడో లేదో, చర్చి హాల్లో ఉన్న ఫోన్లన్నీ ఒక్కసారిగా మోగాయి.

తన ఫోన్ చూసుకుని, "చచ్చాం పో!" అన్నాడు పైకే.

గరిటెతో బీన్స్ వడ్డిస్తున్న మార్గో తిబొడో తలెత్తింది. "ఎవరండీ చచ్చింది?"

"మనమే. అధ్యక్ష పదవికి పోటీ చేస్తున్న గవర్నర్ హాలన్, ఉపాధ్యక్షుడిగా తన పక్కన ఎవర్ని నిలబెట్టాడో చూడండి. సెనేటర్ వెస్కాట్! వచ్చిన ప్రతి యుద్ధానికీ చెయ్యెత్తిన మనిషి!"

"ఎత్తాడు. తప్పు చేశానని ఒప్పుకున్నాడు కూడా. చనిపోయిన కుర్రాళ్ల ఇళ్లకి వెళ్లి క్షమించమని అడిగాడు."

"ఓట్లు కావాలంటే నేనూ అడుగుతాను."

మార్గో సగం గరిటె మాత్రం వడ్డించి, "తర్వాత ఎవరు?" అంది.

"అదేంటండీ, నాకు సగమేనా?"

"లిబర్టేరియన్లు కదా, ఒకరు పెడితే తినరేమో అనుకున్నాను."

"ప్రభుత్వం పెడితే తినం. ఇది చర్చి వాళ్ల విందు. టికెట్టు కొనుక్కుని మరీ వచ్చాను, నిండా వెయ్యండి!"

వరసలో ఉన్నవాళ్లంతా పగలబడి నవ్వారు. మార్గో నవ్వలేదు. నవ్వొచ్చినా ఆపుకుంది. పక్కనే రొట్టె కోస్తున్న నేను చూడకపోతే కదా!

మా న్యూ హాంప్‌షైర్‌లో శనివారం బీన్స్ విందు కొత్తేం కాదు కానీ, ఆ ఏడాది మా హాల్లో రెండు వర్గాలు కలిసి కూర్చునేవి. కిటికీ వైపు బల్ల మార్గో నాన్న అర్మాన్‌ది. ఆ బల్ల వాళ్లు చర్చికి వెళతారు, ఇంటి ముందు జెండా ఎగరేస్తారు, యుద్ధం మాటెత్తితే మాత్రం వద్దంటారు. అర్మాన్ వయసులో ఉండగా ఎడారిలో యుద్ధం చేసి వచ్చినవాడు మరి. తలుపు వైపు బల్ల లిబర్టేరియన్లది. ప్రభుత్వం ఎవరి జోలికీ రాకూడదనే వీళ్లకి పన్ను, రుసుము అన్న మాట వింటేనే ఒళ్లు మండుతుంది. ఈ రెండు బల్లలకీ దేంట్లోనూ పొసగదు, ఒక్క బిల్లు విషయంలో తప్ప. దేశ చట్టసభ అయిన కాంగ్రెస్ యుద్ధం ప్రకటించనిదే మా రాష్ట్ర నేషనల్ గార్డ్ సైనికుల్ని విదేశీ యుద్ధాలకి పంపకూడదని ఆ బిల్లు.

మార్గో తమ్ముడు లూక్ ఆ గార్డ్‌లోనే ఉన్నాడు. ఆకులు రాలే కాలానికి బయల్దేరమని అతని దళానికి అప్పటికే ఉత్తర్వులొచ్చాయి.

అందుకే ఆ రోజు వెస్కాట్ పేరు వినగానే కిటికీ బల్లకి ప్రాణం లేచొచ్చింది. "హాలన్ చెవిలో యుద్ధం వద్దని చెప్పేవాడు ఒక్కడైనా ఉంటాడు. అది చాలదా?" అన్నాడు అర్మాన్. "మనిషి మాట కాదండీ, వేసిన ఓట్లు చూడాలి. రెండు పెద్ద పార్టీలకీ కాదు, మేం మా మూడో పార్టీకే వేస్తాం" అంది తలుపు బల్ల. ఓవెన్లోంచి తీసిన 'యాపిల్ పై' చల్లారిపోయినా వాదన చల్లారలేదు.

బిల్లు కోసం ఇంటింటికీ వెళ్లేటప్పుడు ఒక్కో బల్ల నుంచి ఒక్కొక్కరు చొప్పున జంటగా వెళ్లడం మా పద్ధతి. తలుపు తీసేవాడు ఏ పక్షం మనిషైనా మాట్లాడడానికి ఒకరుంటారని. ఎవరు ఎవరితో వెళ్లాలో చెప్పేది అర్మాన్. ఏం తోచిందో ఏమో, మార్గోని ఓరిన్‌తో పంపాడు.

వేసవంతా ఇద్దరూ మా ఊరి మెట్లన్నీ ఎక్కి దిగారు. ఇళ్లకి పైకప్పులు వేసే పనివాడు ఓరిన్. ఏ ఇంటికి వెళ్లినా ముందు కప్పుకేసి చూసేవాడు. స్కూల్లో పాఠాలు చెప్పే మార్గో "మనం వచ్చిన పని అది కాదు" అని అతని చొక్కా పట్టుకు లాగేది. మెల్లగా 'మీరు' పోయి 'నువ్వు' వచ్చింది.

ఒక మధ్యాహ్నం జోరుగా వాన. ఎవరి ఇంటి వరండాలోనో ఇరుక్కుపోయారు. మార్గో ఫోన్ మోగింది. మాట్లాడి పెట్టేసరికి ఆమె కళ్లు మెరుస్తున్నాయి.

"వెస్కాట్ మన ఊరొస్తున్నాడు! టౌన్ హాల్లో ఆయన్ని సభకి నేనే పరిచయం చెయ్యాలట. గార్డ్ సైనికుడి అక్కని కదా!"

ఓరిన్ మొహం మాడిపోయింది. "లూక్‌ని చూపించి ఓట్లడుగుతాడు."

"అడగనీ. మన బిల్లుకి ఆయన అవునంటే మన రాష్ట్ర చట్టసభలో ఊగిసలాడేవాళ్లంతా ఇటు వచ్చేస్తారు. లూక్ వెళ్లడం ఆగినా ఆగుతుంది. అందరి ముందూ అడిగేస్తాను."

"ఆయన అవునని చస్తే అనడు, మార్గో."

"మారిన మనిషిని కూడా నమ్మకపోతే ఇంకెవర్ని నమ్మమంటావు?"

"మారితే కదా!"

"నీకు వాదనలో గెలుపు కావాలి, అంతే. నాకు మా తమ్ముడు కావాలి." వానలోనే మెట్లు దిగి వెళ్లిపోయింది. గొడుగు పట్టుకుని వెనకాలే పరిగెత్తాడు ఓరిన్. ఆమె వెనక్కి తిరిగితే ఒట్టు.

తర్వాతి శనివారాల్లో ఓరిన్‌కి బీన్స్ నిండుగానే పడ్డాయి. మాటే కరువైంది. సగం గరిటె రోజులే నయం అనిపించింది మాకు.

వెస్కాట్ వచ్చిన రోజు టౌన్ హాల్లో కాలు పెట్టే చోటు లేదు. ముందు వరసలో యూనిఫాంలో లూక్, పక్కన అర్మాన్. ఎక్కడో వెనక గోడకి ఆనుకుని ఓరిన్.

మార్గో మైకు అందుకుంది. "సెనేటర్ గారూ, మా ఊళ్లో ఎంత పెద్దవాళ్లయినా ముందు ప్రశ్నకి జవాబు చెప్పాలి. మా గార్డ్ బిల్లుకి మీరు ఒప్పుకుంటారా?"

వెస్కాట్ చక్కగా నవ్వాడు. "మంచి ప్రశ్న అమ్మా. సైనికులంటే నాకెంత గౌరవమో దేశమంతటికీ తెలుసు. అయితే ఇలాంటి విషయాలు అన్ని వైపుల నుంచీ ఆలోచించాలి..."

"ఆలోచించండి. అవునా, కాదా?"

"అంత తేలిగ్గా చెప్పేది కాదమ్మా."

 మార్గో తమ్ముడికేసి చూసింది. మళ్లీ మైకు దగ్గరకి తీసుకుంది.

"పరిచయం చేస్తానని ఒప్పుకున్నాను కాబట్టి చేస్తాను. ఈయన సెనేటర్ వెస్కాట్. మా గార్డ్ కుర్రాళ్లని యుద్ధానికి పంపడం ఆపుతారా అని అడిగాను. జవాబు చెప్పలేదు. ఈయన గురించి నాకు తెలిసింది ఇంతే."

మైకు బల్ల మీద పెట్టి, బయటికి నడిచింది. చప్పట్లు ముందు ఏ బల్ల వాళ్లు మొదలుపెట్టారో ఇప్పటికీ మాకు తేలలేదు.

బయట మెట్ల మీద కూర్చుని ఏడుస్తోంది మార్గో. ఓరిన్ వచ్చి పక్కన కూర్చున్నాడు. వాళ్ల వెనకాలే వచ్చిన అర్మాన్ గడప దగ్గరే ఆగాడు. ఆయన వెనక నేను. ఏం చెయ్యను, కాళ్లు ఆగలేదు.

"అనవయ్యా," అంది మార్గో కళ్లు తుడుచుకుంటూ. "ముందే చెప్పానా అను. నువ్వే గెలిచావు."

"ఆయన నోరు తెరిచినప్పుడు నేనేం అనుకున్నానో తెలుసా? దేవుడా, అవునని చెప్పించు, నన్ను వెధవని చెయ్యి అని మొక్కుకున్నాను. పుట్టి బుద్ధెరిగాక వాదనలో ఓడిపోవాలని కోరుకోవడం ఇదే మొదటిసారి, మార్గో. నువ్వు ఏడవకుండా ఉంటే చాలనిపించింది."

మార్గో అతన్ని కొత్తగా చూసింది.

"బిల్లు కోసం మళ్లీ తిరుగుదాం," అన్నాడు ఓరిన్. "ఇంకా ఎక్కని మెట్లు చాలా ఉన్నాయి. లూక్ వెళ్లాల్సివస్తే, వెళ్లే రోజున నీ పక్కనే ఉంటాను. తిరిగొచ్చే రోజునా ఉంటాను. మధ్యలో రోజులన్నీ కూడా ఉండాలనుంది. ప్రేమిస్తున్నాను, ఇంకెలా చెప్పాలో తెలీదు."

"ఇలా చెబితే చాలు," అంది మార్గో. ఏడుపులోనే నవ్వేసింది. ఈసారి ఆపుకోలేదు. అతని భుజం మీద తల వాల్చింది.

అర్మాన్ గట్టిగా దగ్గాడు. ఇద్దరూ ఉలిక్కిపడి లేచారు.

"అబ్బాయ్, ఇలా చూడు. లూక్ బయల్దేరేలోపే పెళ్లి జరగాలి. నా కొడుకు ఇక్కడ లేకుండా నేను కూతురి పెళ్లి చెయ్యను."

"అలాగేనండీ."

"చర్చిలోనే చెయ్యాలి."

"అలాగేనండీ."

"దానికి ముందు టౌన్ ఆఫీసుకి పోయి పెళ్లి లైసెన్సు తెచ్చుకోవాలి. ప్రభుత్వం వాళ్లకి రుసుము కట్టి, ముద్ర వేయించుకుని. ఏమంటావ్?"

 ఓరిన్ మెడ మీద నరం ఉబ్బింది.   మార్గో అతని చెయ్యి వదల్లేదు.

"ఆ ఆఫీసు పొద్దున ఎన్నింటికి తెరుస్తారండీ?" అన్నాడు ఓరిన్.