రెండు తలుపుల నడుమ వెన్నాంబ

వరుస తప్పితే మన్నించాలి. ప్రభువు మంచం పట్టాక ముట్టడి వచ్చిందో, ముట్టడి వచ్చాక ఆయన మంచం పట్టాడో ఇప్పుడు గట్టిగా చెప్పలేను. కథ మాత్రం గుర్తుంది.

గద్దగుట్ట దుర్గాన్ని పడమటి దండు చుట్టుముట్టి నాలుగు నెలలు దాటింది. బురుజు మీద నిలబడి ఏ దిక్కుకు చూసినా శత్రువుల గుడారాలే, ఏనుగులు కదిలినప్పుడల్లా లేచే ఎర్రటి దుమ్మే. లోపల గాదెలు అడుగంటాయి. గుర్రాల ఉలవలు మనుషులు ఉడకేసుకు తింటున్నారు. సాయం తెస్తానని సేనాపతి కొమ్మయ నాయకుడు కోట గోడలోని చిన్న దిడ్డివాకిలి గుండా వెళ్లి ఇరవై రోజులైంది.

ఆ దిడ్డివాకిలికి రెండు ఇనుప తలుపులు, నడుమ ఇద్దరు పట్టేంత రాతి గది. వెలుపలి తలుపు తాళంచెవి సేనాపతి దగ్గర ఉండాలి. ఆయన కోట దాటితే ఇల్లాలి దగ్గర. సేనాపతి ద్రోహి అని తేలిననాడు అది మంత్రిది. ఇదీ ఆ దుర్గంలో తాతలనాటి కట్టడి.

అందుకే దామన మంత్రి ఒకనాటి ఉదయం నిండు కొలువులో సేనాపతి భార్య వెన్నాంబ ఎదుట ఒక ఉంగరం పెట్టించాడు.

"అమ్మా, నీ మగడు శత్రువు కూతురిని చేపట్టాడు. ఈ కోటనే ఆమెకు ఓలిగా ఇస్తానన్నాడు. ఆ పిల్ల వేలికి తొడిగిన ఉంగరాన్ని మా వేగువాడు తెచ్చాడు. గుర్తుపట్టావా? ఇక తాళంచెవి ఇటు ఇవ్వు."

ఉంగరం కొమ్మయదే. ఒక్క క్షణం, ఎరగని ఆ పిల్ల వేలు వెన్నాంబ కళ్ల ముందు మెదిలింది. తరువాత తలెత్తి అన్నది:

"మంత్రివర్యా, ఉంగరం ఆయనదే. మీ చేతికి ఎలా వచ్చిందో నాకు తెలియదు. పన్నెండేళ్లు కాపురం చేశాను. ఆయన తప్పు చేయరని నమ్ముతున్నాను. కాని నా నమ్మకం నాది. దానికి ఇంతమంది ప్రాణాలు పణం పెట్టే హక్కు నాకు లేదు. తాళంచెవి పట్టుకుని నేనే నడిమి గదిలో కూర్చుంటాను. నా వెనక లోపలి తలుపు గడియ వేయించండి. నేను మోసపోతే చచ్చేది నేనొక్కదాన్నే."

సభ అవునన్నది. మంత్రి కాదనలేకపోయాడు.

గడియ వేస్తూ ముసలి కావలివాడు బొల్లయ గొణిగాడు. "ఇరుకు గది తల్లీ, ఊపిరాడదు."

"ఇరవై రోజులుగా ఎక్కడ ఆడుతోంది, బొల్లయా?"

మూడు రోజులు గడిచాయి. చేయి చాస్తే ఈ తలుపు, చేయి చాస్తే ఆ తలుపు. మూడోనాటి మిట్టమధ్యాహ్నం వెలుపల ఎవరో తట్టారు.

"వెన్నా."

ఆయన గొంతే. ఆమె చేయి దానంతటదే తాళంలో చెవి దూర్చింది. అంతలో వెనకనుంచి, లోపలి తలుపు అవతల, దామన మంత్రి మాట వినిపించింది.

"తియ్యమ్మా, ఆలోచిస్తావేం? వచ్చింది నీ మగడే కదా."

బొల్లయ అందుకున్నాడు. "అయ్యా, మొన్న ద్రోహి అన్నది ఈయన్నే కదూ? ఇవాళ పండక్కొచ్చిన అల్లుడికి తీసినట్టు తియ్యమంటారేం? గడియ మీద చెయ్యెందుకు? ఆ చెయ్యి తియ్యండి."

వెన్నాంబ చెవిని తిప్పలేదు. పెదవులు తలుపుకు ఆనించి అడిగింది.

"ఒక్కరే వచ్చారా?"

"లేదు దేవీ. నా వెనక అరవై కత్తులున్నాయి. నన్ను వీళ్లకు పట్టించింది దామనుడు. ఉంగరం ఆనాడే లాక్కున్నారు. నా గొంతు వింటే నువ్వు తలుపు తీస్తావని వీళ్లను నమ్మించాను. తీయవని నాకు తెలుసు. తీయ..."

మాట తెగిపోయింది. బరువైనదేదో తలుపు పొడవునా జారి కింద ఆగింది.

ఆమె తాళంచెవిని వెనక్కు లాగింది. ఎంత కష్టంగా లాగిందో దేవుడికే తెలియాలి.

చాలాసేపటికి బొల్లయ లోపలి తలుపు తీశాడు. "మంత్రిని కట్టేశాం. రా తల్లీ."

ఆమె వెలుపలి తలుపుకు వీపు ఆనించి కూర్చుని ఉంది.

"కాసేపుండు బొల్లయా. ఆయన ఇంకా ఇక్కడే ఉన్నారు."

ఆ తరువాత పదకొండోనాడు వానలు పట్టుకుని శత్రువు గుడారాలు ఎత్తేశాడు.

నాగరత్నం, నేను చెబుతుంటే నువ్వు రాసుకున్న ఈ పేర్లు ఒకసారి సరిచూడమ్మా. కొమ్మయ అన్నానో కొండయ అన్నానో. మంత్రి పేరు తప్పినా నష్టం లేదు. ఆ గదిలో కూర్చున్నామె పేరు మాత్రం తప్పిపోనీయకు.