లోపలి అడ్రసు

మండవల్లి దాటాక వెంకట్రాజు గారి చేపల చెరువు. గట్టు మీద రేకుల షెడ్డు, అందులో మేతబస్తాల పక్కన ఒక కంప్యూటరు. నీళ్లలో ఆక్సిజన్ తగ్గితే, రెక్కలతో నీళ్లు చిలికే ఏరేటర్లు తిప్పే సాఫ్ట్‌వేర్ అందులో ఉంది. రాసింది నేనే. ఏలూరు నుంచి బస్సులో వచ్చి చూసిపోతుంటాను.

"కెజియా గారూ, అస్తమానం షెడ్డుకి రాలేకపోతున్నానండీ. ఇంటి దగ్గర ఫోన్లో కనపడేలా చెయ్యండి," అన్నారాయన. ఇల్లు గట్టు చివరే.

అందుకని ఆ సాఫ్ట్‌వేర్ లోపలే ఒక బుల్లి వెబ్ సర్వర్ పెట్టాను. ఫోన్లో ఒక పేజీ తెరుచుకుంటుంది. ఆక్సిజన్ ఎంతుందో చూపించే అంకె, కింద ఆన్, ఆఫ్ బటన్లు. ఎవరు నొక్కినా, ఏ ఫోను నుంచో, ఏ కంప్యూటరు నుంచో తెలిపే నెట్‌వర్క్ అడ్రసుతో కంప్యూటరు తెర మీద ఒక వరస పడుతుంది.

ఆ మధ్యాహ్నం మబ్బు పట్టింది. ఆకు కదలడం లేదు. కొల్లేరు వైపు నుంచి కుళ్లిన గుర్రపుడెక్క వాసన వస్తోంది. చెరువు పని చూసే వీరాస్వామి గుమ్మంలోకొచ్చాడు.

"ఏరేటరు రెక్కలకి నాచు చుట్టుకుందండీ. దిగి తీసేస్తాను, కాస్త ఆపి ఉంచండి."

నా ఫోన్లో ఆఫ్ నొక్కాను. తెర మీద నా ఫోను అడ్రసు పడింది. కిటికీలోంచి చూస్తే, ఛాతీలోతు నీళ్లలో వీరాస్వామి రెక్కల మీదికి వంగి ఉన్నాడు.

తెర మీద ఇంకో వరస పడింది.

ఆన్.

మోటారు మూలిగింది. "అమ్మగారూ!" అని కేక. వెంటనే ఆపి, వెంకట్రాజు గారికి ఫోన్ చేశాను.

"మీరు ఆన్ నొక్కారా? వీరాస్వామి నీళ్లలో ఉన్నాడండీ!"

"నేను భోజనం దగ్గరున్నానండీ. దాని జోలికే పోలేదు. వస్తున్నా."

మళ్లీ ఆన్. ఆపాను. మళ్లీ ఆన్...

అప్పుడు అడ్రసు చూశాను. కంప్యూటరు తనతో తాను మాట్లాడుకునేటప్పుడు వాడుకునే అడ్రసు అది. అంటే నొక్కుతున్నది బయటివాళ్లు కాదు. ఈ కంప్యూటరు ముందు... ఇక్కడే.

షెడ్డులో నేనొక్కదాన్నే.

ప్రోగ్రాం మూసేద్దామని మౌస్ పట్టుకున్నాను. తడిగా ఉంది. మంచులా చల్లగా ఉంది.

బయట వీరాస్వామి మెడలో తువ్వాలు రెక్కల్లో పడింది. తల నీళ్ల మీదికి వంగిపోతోంది. అరుపు కూడా లేదు. గోడ దగ్గరికి పరుగెత్తి ఫ్యూజు పీకేశాను.

అంతా ఆగిపోయింది.

వీరాస్వామి పాక్కుంటూ గట్టెక్కాడు. మెడ చుట్టూ ఎర్రగా ఒరుసుకుపోయింది. నేను వెళ్లేసరికి వెంకట్రాజు గారూ బండి దిగారు, ఎంగిలి చెయ్యి కూడా కడుక్కోలేదు.

"చచ్చిపోయాననుకున్నానండీ," అన్నాడు వీరాస్వామి, వగరుస్తూ. "మీరు ఆపుతూనే ఉన్నారు. నాకు కిటికీలోంచి కనపడింది. మీరు ఫోన్లో ఆపినప్పుడల్లా, ఆయన మీ భుజం మీదుగా వంగి నొక్కేస్తున్నాడు."

"ఎవరు?" అన్నాను.

"తెలీదండీ. పొడుగాయన. ఒళ్లంతా నీళ్లు కారుతున్నాయి."

నేను వెంకట్రాజు గారి వైపు తిరిగాను. ఆయన షెడ్డుకేసే చూస్తున్నారు.

ఎవరని ఆయన అడగలేదు. "వాడింకా ఇక్కడే ఉన్నాడా," అన్నారు.